పానగోష్ఠిలో పరాయివాడు

(జంషెడ్‌పూరులో కేంద్ర ప్రభుత్వోద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘము వారి ఉగాది సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు ఏదైన నొక సాహిత్య విషయమును గూర్చి ముచ్చటింపుమని మన కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను కళాశాలలో చరిత్రయు, తెలుగును చదివినవాడను. ఆ తరువాత ఇరువది ఏండ్లుగా చదివినవి దస్త్రములే. పద్యములను గూర్చి ప్రసంగించుటకు నాకంటె అర్హులు ఈ సభలో పలువురు కలరు. కావున, మనలో చాలమందికి తెలిసియు ఎవరమును పైకి చెప్పుకొనని విషయమొకటి ఎన్నుకొంటిని. మద్యము చుట్టును అల్లుకొన్న స్నేహ సమాజములో, మద్యము ముట్టనివాడు పడు ఇబ్బందియే ఆ విషయము. పండుగపూట ఇది చేదుగా తోచవచ్చును. కాని ఉగాది పచ్చడిలో వేపపువ్వును ఉండును గదా! దానిని నా వంతుగా తీసుకొంటిని.

2016వ సంవత్సరపు వేసవిలో నేను ఢిల్లీ సచివాలయమునుండి డెప్యుటేషనుపై ఈ ఊరికి వచ్చితిని. మా విజయనగరము ప్రాంతములో ఒకప్పుడు ‘వాడు టాటా వెళ్ళిపోయాడు’ అనిన, వానికి పని దొరికినదనియే అర్థము. 1907లో స్థాపింపబడిన ఉక్కు కంపెనీ, సువర్ణరేఖా ఖర్కాయి నదుల సంగమమునకు చేరువనున్న సాక్చీ గ్రామమున కార్ఖానా కట్టి, 1912లో తొలి ఉక్కును పోసినది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువు ఈ ఊరికి జంషెడ్‌పూరని పేరు పెట్టెను. కాళీమాటి స్టేషను టాటానగరమైనది. మన ఉత్తరాంధ్ర కుటుంబములు తరతరములుగా ఇచ్చట స్థిరపడినవి. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరమే అందుకు సాక్షి. అందుచేత నేను పరాయి ఊరికి వచ్చుచున్నానని అనుకొనలేదు. పరాయితనము నాకు రెండవ వారములో, ఒక విందులో ఎదురైనది.

నన్ను విందునకు పిలిచినవారు సజ్జనులు. వారిని నిందించుట నా ఉద్దేశము కాదు. ఆ చోటి పేరుతోను మనకు పనిలేదు. పళ్ళెము పట్టుకొని వచ్చిన పనివాడు ‘మీరేం తీసుకుంటారు సార్?’ అని అడిగెను. ‘మంచినీళ్ళు చాలు’ నంటిని. అంతట ప్రశ్నలు మొదలైనవి. మొదటివారు ‘షుగరా, బీపీయా?’ అని అడిగిరి. రెండవవారు ‘ఏదైనా దీక్షలో ఉన్నారా?’ అనిరి. మూడవవారు నవ్వుచు ‘ఇంట్లో ఒప్పుకోరా?’ అనిరి. రోగము, దైవము, భార్య అను మూడింటిలో ఏదో యొకటి అడ్డుపడిననే గాని మనుష్యుడు తనంత తాను మానుకొనడని వారి అభిప్రాయము కాబోలు! ‘నాకు అలవాటు లేదండి’ అని చెప్పితిని. ఆ సమాధానము ఎవరికిని చాలలేదు.

దాహమైనది. నారింజ రసము పిల్లల బల్లమీద మాత్రమే ఉన్నది. నలుబదికి దగ్గరపడిన అధికారిని, ఇద్దరు బాలుర నడుమ వరుసలో నిలిచి కాగితపు గ్లాసులో రసము పట్టుకొంటిని. ఆ బాలురలో చిన్నవాడు నన్ను ఎగాదిగ చూచి, ‘అంకుల్, మీకు పెద్దవాళ్ళ గ్లాసు ఇవ్వలేదా?’ అని జాలిపడెను. ఆ విందులో నన్ను గూర్చి యథార్థముగ విచారించినవాడు ఆ బాలుడొక్కడే.

ఇంతవరకు నవ్వుకొనదగినదే. అసలు కష్టము గ్లాసులో లేదు, కూర్చుండుటలో కలదు. మొదటి గంటలో అందరును నాతో ఆఫీసు సంగతులే మాట్లాడిరి. రెండవ గంటలో వారి గొంతులు పెరిగినవి. మూడవ గంటలో వారు ఒకరి భుజముపై ఒకరు చేయి వేసికొని, బదిలీ భయములు, బిడ్డల చదువులు, తండ్రుల మరణములు చెప్పుకొనిరి. ఒకరు కన్నీరు పెట్టుకొనిరి. నేను దగ్గరకు జరిగినంతనే వారు మాట మార్చిరి. తాగనివాడు మరునాడు అన్నియు జ్ఞాపకముంచుకొనునని వారి జంకు. మరునాడు ఆఫీసులో వారికొక నవ్వు మిగిలినది. ఆ నవ్వునకు మూలము నాకు తెలియదు. కొన్ని దస్త్రములు సయితము నా బల్లమీదికి రాకముందే ఒక అభిప్రాయముతో వచ్చుచుండెను. ఆ అభిప్రాయము ఎచ్చట ఏర్పడినదో ఊహించుకొనగలిగితిని.

నియమములు మన పక్షముననే ఉన్నవి. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళిలో 22వ నియమము మీలో పెక్కుమందికి కంఠపాఠమే. ఉద్యోగి విధి నిర్వహణలో మత్తులో ఉండరాదు. బహిరంగ స్థలములో మద్యము సేవింపరాదు. మత్తులో బహిరంగ స్థలమునకు రారాదు. మితిమీరి సేవింపరాదు. ఉన్నచోట అమలులోనున్న మద్య చట్టమును తప్పక పాటింపవలెను. ఇవి అన్నియు మంచి నియమములే. కాని తాగనివానికి తోడెవరుండవలెనో చెప్పు నియమమొకటి ఆ గ్రంథములో లేదు. ఉండుటకును వీలులేదు. స్నేహమును సర్క్యులరు ద్వారా కలిగింపలేము గదా!

ఈ అలవాటు ఇచ్చటికి ఎట్లు వచ్చినదని యోచించితిని. ఉక్కు కార్ఖానా తొలినాళ్ళలో అమెరికా, జర్మనీ, ఇంగ్లండు దేశములనుండి నిపుణులు వచ్చిరి. అడవి నడుమ కొలిమి సెగలో పగలంతయు పనిచేసి, కుటుంబములకు దూరముగ సాయంకాలములు గడుపవలసిన వారికి క్లబ్బే ఇల్లు. మన దేశమున కంటోన్మెంటులలోను, రైల్వే కాలనీలలోను, తేయాకు తోటలలోను జరిగినదియు ఇదియే. వారు వెళ్ళిపోయిరి, వారి సాయంకాలములు మిగిలినవి. పదవిలోనికి వచ్చిన మనవారు కుర్చీతోపాటు గ్లాసును కూడ వారసత్వముగ పుచ్చుకొనిరి. కొందరికి అది ఇష్టము. అనేకులకు అది హోదా.

ఈ నేలకు మద్యము అంతకుముందు తెలియదని నేననుట లేదు. సంతాలులు, ముండాలు, హోలు వండిన అన్నములో ‘రాను’ బిళ్ళ కలిపి పులియబెట్టి హండియా చేయుదురు. పండుగలలో ముందుగా పితృదేవతలకు, దేవతలకు ధారవోసి ఆ మీదట తాము పుచ్చుకొందురు. ఒకసారి మా ఆఫీసు మిత్రుడొకడు తన పల్లెకు సోహ్రాయి పండుగకు నన్ను తీసికొనిపోయెను. వారి ఆచారము ప్రకారము మొదట లోటాతో నీళ్ళిచ్చి నమస్కరించిరి. పిదప ఆకుదొన్నెలో హండియా తెచ్చిరి. నేను చేతులు జోడించితిని. ఇంటి పెద్ద ఒక్క ప్రశ్నయైన వేయలేదు. అటువంటి దొన్నెలోనే నీరు పోసి నా చేతికిచ్చి, తన మంచముమీదనే నన్ను కూర్చుండబెట్టుకొని కబుర్లు సాగించెను. అదే మంచము, అదే దొన్నె, అవే కబుర్లు. అతిథి మర్యాద యనగా నేమో ఆనాడు నాకు తెలిసినది. మద్యమున్న చోటెల్ల తాగనివాడు పరాయివాడు కానక్కరలేదనియు తెలిసినది.

తాగనివారును ఈ నేలపై తక్కువవారు కారు. బిర్సా ముండా తన అనుచరులను మద్యము విడువుమని బోధించెను. 1914లో ఉరాఁవుల నడుమ జత్రా భగత్ ప్రారంభించిన తానా భగత్ ఉద్యమమువారు మద్యమాంసములను విడిచిరి. పండుగకు ఊరంతయు తాగుచుండగా తాము మాత్రము తాగక నిలుచుట వారికెంత కష్టమై యుండునో, విందులలో నిలిచిన తరువాతనే నేను ఊహింపగలిగితిని.

ఈ సందర్భమున గాంధీమహాత్ముని విద్యార్థి దశలోని ముచ్చట యొకటి మనవి చేసెదను. మద్యము, మాంసము, పరస్త్రీ సంగమము ముట్టనని తల్లికి మాటయిచ్చి ఆయన 1888లో లండను వెళ్ళెను. బారిస్టరు కావలెననిన పరీక్షలతోపాటు ఇన్నర్ టెంపులులో నియమిత సంఖ్యలో విందులకు హాజరు కావలెను. అచ్చట నలుగురికొక జట్టు. జట్టుకు రెండు సీసాల ద్రాక్షసారాయము. గాంధీ తాగడు గనుక ఆయన ఉన్న జట్టులో ఆ రెండు సీసాలును ముగ్గురికే చెందును. అందుచేత ఆయనను తమ జట్టులోనికి రమ్మని విద్యార్థులు పోటీపడెడివారట! ఈ సంగతి ఆయన తన ఆత్మకథలో వ్రాసికొనెను. నాకు ఇందులో నచ్చినది హాస్యము మాత్రమే కాదు. ఆయన విందు మానలేదు, తాగుచున్నట్లు నటింపలేదు, తోడివారికి ఉపన్యాసమీయలేదు. తాగనని చెప్పి బల్లవద్దనే కూర్చుండెను. ఈ నాలుగును ఒకచో నుండుట ఎంత దుర్లభమో నా కథ చెప్పును.

సభాసదులారా! ఇక నేను చేసిన తప్పును చెప్పవలెను.

విందులలో ప్రశ్నలకు విసిగి, నేనొక ఉపాయము నేర్చుకొంటిని. సోడాలో కొంచెము కోలా కలిపిన రంగు విస్కీవలె ఉండును. పొడవైన గ్లాసులో మంచుముక్కలు వేసికొని దానిని చేతబట్టినచో ఎవరును అడుగరు. ఏడాదికి పైగా అట్లే గడిపితిని. అబద్ధము చెప్పలేదు గదా యని సమాధానపడితిని. నోటితో చెప్పలేదు, నిజమే. గ్లాసుతో చెప్పితిని.

ఆ రోజులలో మన ప్రాంతపు యువకుడొకడు మా ఆఫీసులో చేరెను. శ్రీకాకుళము జిల్లాలోని చిన్న పల్లెనుండి పోటీపరీక్ష వ్రాసి వచ్చినవాడు. అతని తండ్రి కల్లు, సారాలవలన ఉన్న అరయెకరమును పోగొట్టుకొన్నాడట. ఒకనాడతడు నా గదిలోనికి వచ్చి, ‘సార్, ఈ పార్టీలంటే నాకు భయంగా ఉందండి. రానంటే గర్విష్ఠి అంటారు. వస్తే తాగమంటారు. ఏం చెయ్యమంటారు?’ అని అడిగెను. నేను తలుపు దగ్గరకు వేసి, మహారహస్యము ఉపదేశించువానివలె నా సోడా కోలాల ఉపాయము చెప్పితిని. అతడు నవ్వెను, నేనును నవ్వితిని. నా తెలివికి నేనే మురిసికొంటిని.

ఆ ఉపాయములోని లోపము నాకు తరువాత తెలిసినది. తాగనని చెప్పినవానికి, ఒకరు పోయవచ్చినప్పుడు కాదనుట సులభము. తాగుచున్నట్లు నటించువానికి కాదనుటకు మాట మిగులదు. ఒక సాయంకాలము ఎవరో అతని గ్లాసు చూచి, ‘ఇందులో పస లేదు తమ్ముడూ!’ అని తన సీసా వంచిరి. అతడేమని చెప్పగలడు? అంతవరకు తాగితిననుటయు, ఇక వద్దనుటయు రెండును అబద్ధములే. ఆ గ్లాసు తాగెను. వారము దినముల తరువాత మరియొకటి. ఆ గుంపు అతనిని భుజము తట్టి దగ్గరకు తీసెను. ఊరుగాని ఊరిలో ఒంటరిగానున్న యువకునకు ఆ భుజము తట్టుటయే మొదటి మత్తు. గ్లాసులోనిది రెండవది.

అప్పటికి నేను విందులకు వెళ్ళుటయే మానివేసితిని. ఇంటివద్ద పుస్తకము చదువుకొనుచు, ‘వారు చెడిరి, నేను చెడలేదు’ అని లోలోపల గర్వించితిని. ఇదియు నొక మత్తే యని ఇప్పుడు తెలియుచున్నది. అతడు ఆఫీసుకు ఆలస్యముగా వచ్చుచున్నాడని దస్త్రము వచ్చినది. సంజాయిషీ కోరు మెమోపై సంతకము చేసినవాడను నేనే. ఒక్కసారి పిలిచి కూర్చుండబెట్టి మాట్లాడితినా? లేదు. మెమోలో భాష మాత్రము తప్పు లేకుండ ఉన్నది.

ఒకనాటి సాయంకాలము అతని భార్య చంటిబిడ్డతో మా ఇంటికి వచ్చెను. నన్ను చూచి తల వంచుకొని వంటింటిలోనికి పోయి, నా శ్రీమతితో, ‘అక్కయ్యగారూ, పుస్తెలు తప్ప అన్నీ తాకట్టుకెళ్ళిపోయాయండి. అన్నయ్యగారంటే ఆయనకి గౌరవం. ఒక్కమాట చెప్పించండి’ అని ఏడ్చెను. ఆ రాత్రి నా శ్రీమతి నన్నడిగిన ప్రశ్న చిన్నది. ‘మొదట ఆ గ్లాసు పట్టుకోమన్నది మీరే కదూ?’ నేను బదులు చెప్పలేకపోతిని.

మరునాడతనియింటికి పోయితిని. ఆసుపత్రిలో చికిత్స జరిగినది. రెండు పర్యాయములు మానెను. రెండు పర్యాయములును మరల పట్టుకొనెను. ఇది మనోబలము లేనివాని దుర్గుణమని తలచితిని గాని, వైద్యులు దీనిని రోగమనియే చెప్పుదురు. నిత్యము తాగువాడు ఒక్కసారిగా, వైద్య సహాయము లేకుండ మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము కూడ రావచ్చునని నేనప్పుడే వింటిని. మూడవసారి చికిత్సతోపాటు ఆల్కహాలిక్స్ ఎనానిమస్ వారి సమావేశములకు పోసాగెను. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితులు ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టిన సంఘమది. అచ్చట రుసుము లేదు, ఉపన్యాసకుడు లేడు. కుర్చీలు గుండ్రముగ వేసికొని, ఒకరి బాధ నొకరు విందురు. గమనింపుడు! అదియు నొక కూర్చుండుటయే. గ్లాసు లేకుండ మూడవ గంటలోని మాటలు చెప్పుకొను చోటు.

కొంత నెమ్మదించిన పిదప అతడు నాతో అనిన మాటను అతని అనుమతితోనే ఇచ్చట చెప్పుచున్నాను. ‘సార్, ఆ రోజు మీరు ఉపాయం చెప్పక్కర్లేదండి. నేనూ తాగను, వచ్చి నా పక్కన కూర్చో అని ఉంటే చాలునండి.’ ఇరువది ఏండ్ల ఉద్యోగములో నా పనిపై ఇంత క్లుప్తమైన ఆడిట్ అభ్యంతరము మరియొకటి రాలేదు.

చట్టముతో ఈ చిక్కు తీరదా యని మీరడుగవచ్చును. మహాభారతములోని మౌసల పర్వమును చూడుడు. ద్వారకలో మద్యము చేయరాదని చాటింపు వేయించిరి. చేసినవానికి మరణదండనమనిరి. ఆ యాదవులే ప్రభాస తీర్థమునకు పోయి తాగి, ఒకరినొకరు చంపుకొనిరి. మన చరిత్రయు అట్టిదే. 1937లో రాజాజీ ప్రభుత్వము సేలం జిల్లాలో మద్య నిషేధము ప్రారంభించి, మరుసటి ఏట చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రమున ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము మద్య నిషేధ వివాదముపైననే పడిపోయెను. 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము పెట్టిన సంపూర్ణ నిషేధము 1997లో సడలిపోయెను. 2000 నవంబరు 15 వరకు ఈ జంషెడ్‌పూరు ఏ రాష్ట్రములో నుండెనో ఆ బీహారులో 2016 ఏప్రిలులో నిషేధము వచ్చెను. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అచ్చటి వయోజన పురుషులలో నూటికి పదునైదుగురు తాగుచున్నామనియే చెప్పిరి. చట్టము దుకాణమును మూయగలదు. సాయంకాలమును నింపజాలదు.

సాయంకాలమును నింపినవారు వేరే యున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మగారును, తోడి స్త్రీలును సారా దుకాణమునకు ఎదురు నిలిచిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధము వచ్చెను. ఆ తల్లులకు అంత బలమెచ్చటిది? వారు రాత్రివేళ అక్షరములు నేర్చుకొనుటకు ఒకచోట కూడిరి. పలకమీద అక్షరములు దిద్దుచు తమ ఇండ్లలోని బాధ చెప్పుకొనిరి. ప్రతి స్త్రీయు అది తన ఒక్క ఇంటి ఖర్మమే యనుకొన్నంత కాలము దుకాణము నడిచినది. నలుగురు కూర్చున్న దినముననే దానికి చిక్కు వచ్చినది. మగవారి కూటమికి ఆడవారి కూటమి సమాధానమైనది.

తాగనివాడు తానొక్కడనే యనుకొనుటయు ఇట్టి భ్రమయే. పైన చెప్పిన సర్వే ప్రకారము మన దేశమున 15 ఏండ్లు నిండిన పురుషులలో తాగువారు నూటికి 18.8 మంది, స్త్రీలలో 1.3 మంది మాత్రమే. అనగా దేశములో తాగనివారే హెచ్చు. ఆ గదిలో మాత్రము తక్కువ. హోదాగల గదిని చూచి దేశమనుకొనుటచేత మనకు సిగ్గు కలుగుచున్నది. హాని లేని మోతాదు మద్యమునకు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించెను. కావున తాగనివాడు సంజాయిషీ చెప్పుకొనవలసిన పనియేలేదు.

అట్లని, తాగువారందరును దుష్టులని నేననను. ఆ మూడవ గంటలో కన్నీరు పెట్టుకొన్న పెద్దమనిషి నాకు జ్ఞాపకమున్నాడు. అతనికి దుఃఖము చెప్పుకొనుటకు మరియొక చోటు లేదు. మగవాడు గ్లాసు లేనిదే గుండె విప్పరాదని మనమే ఒక కట్టుబాటు పెట్టుకొన్నాము. ఆ కట్టుబాటు సడలనిదే ఈ గ్లాసు దిగదు.

ఇక నా మనవులు నాలుగు. అవి నియమములు కావు.

విందు చేయువారికి మొదటి మనవి. మజ్జిగయో, నిమ్మరసమో, పండ్లరసమో, అందరి బల్లమీదనే, అందరి గ్లాసులలోనే పెట్టుడు. వద్దన్నవానిని ఎందుకని అడుగకుడు. ఆ సంతాలు పెద్ద చేసిన మర్యాద మనకు అసాధ్యము కాదు.

తాగనివారికి రెండవ మనవి. వద్దని ఒక్కసారి, చిరునవ్వుతో, తేటగా చెప్పుడు. నటింపకుడు. నీతులు చెప్పకుడు. వీలైనంతసేపు కూర్చుండుడు, కూర్చుండలేనినాడు మర్యాదగా లేచి రండు. అక్కడ వినిన మాటను మరునాడు ఆఫీసులో ఎత్తకుడు. తాగనివాని జ్ఞాపకశక్తి తోటివారికి భయకారణము కాగూడదు.

పై అధికారులకు మూడవ మనవి. ఇది నాకును వర్తించును. ఆఫీసు పనిని ఆఫీసులోనే ముగింపుడు. పానగోష్ఠిలో లేకపోయినందున ఎవడును పనిలో వెనుకబడరాదు. క్రిందివాడు తడబడుచుండగా, మెమోకు ముందు ఒక కుర్చీ చూపుడు.

మన సంఘమునకు నాలుగవ మనవి. సంవత్సరమునకు ఉగాది, సంక్రాంతి, దీపావళి అను మూడు సభలు చాలవు. జీతములు చేతికివచ్చు శనివారపు సాయంకాలము ఈ హాలు తలుపులు తీసియుంచుడు. ఉపన్యాసములు వద్దు, నావంటి వారిని అసలే పిలువవద్దు. చదరంగము, పేకముక్కలు లేని కబుర్లు, కొంచెము పాట, వేడి పకోడీలు, కాఫీ ఉన్న చాలును. కొత్తగా బదిలీపై వచ్చిన తెలుగువాడు మొదటి శనివారము ఒంటరిగా గడుపకుండ చూచిన, నా ఉపాయములకు పని ఉండదు.

ఆ యువకుని సంగతి అడుగుదురు గాబోలు. నేటికి పదునాలుగు నెలలుగా అతడు తాగలేదు. రేపటి మాట చెప్పలేనని అతడే యనును. ఆ సంఘములో దినమునకొక దినమే లెక్కించుకొందురట. నేనును ఇప్పుడు మరల విందులకు పోవుచున్నాను. నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు మంచినీళ్ళ గ్లాసువలెనే కనబడును. మొన్నటి విందులో కొత్తగా చేరిన కుర్రవాడొకడు గుమ్మము దగ్గర తడబడుచు నిలుచుండగా, పక్క కుర్చీ లాగి, ‘నేనూ తాగను బాబూ, ఇలా వచ్చి కూర్చో’ అంటిని. ఆ మాటను ఏడెనిమిది ఏండ్లు ఆలస్యముగా అనగలిగితిని. మీరెవరును అంత ఆలస్యము చేయకుందురు గాక!